బ్రిలియంటే, కానీ కేర్‌లెస్

పేరెంట్స్ మీటింగ్ రోజున మన వైపు ప్రైవేటు బడుల్లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "మీవాడు బ్రిలియంటే సార్, కానీ కేర్‌లెస్." మదనపల్లెలో విన్నా ఇదే, పుంగనూరులో విన్నా ఇదే, శాంతిపురంలో విన్నా ఇదే. చెప్పే టీచర్లు మారతారు, బెంచీల రంగు మారుతుంది, మాట మాత్రం మారదు. ఇంత పొదుపైన వాక్యం మన విద్యారంగం ఇంకొకటి తయారు చేయలేదు. మొదటి సగం ఫీజు కట్టిన తండ్రి మనసు నొచ్చుకోకుండా కాపాడుతుంది. రెండో సగం మార్కులు ఎందుకు రాలేదో బడి చెప్పుకోవాల్సిన పని లేకుండా చేస్తుంది. మధ్యలో ఉన్న "కానీ" అనే రెండక్షరాల కింద పిల్లవాడు నలిగిపోతాడు.

ఆ మీటింగును కాస్త దగ్గర నుంచి చూద్దాం. టీచరు ఆన్సర్ షీటు తిప్పుతాడు. తెలుగు పేపరు నిండా ఎర్ర సున్నాలు. ఒత్తులు లేవు, ఉన్నచోట తప్పు, "ప" రాయాల్సిన చోట "వ", "మ" రాయాల్సిన చోట "య". లెక్కల పేపరు మీద ఇంకో విచిత్రం. ఆన్సరు సరిగ్గానే ఉంది, దానికి ముందు ఉండాల్సిన నాలుగు లైన్లు లేవు. "స్టెప్స్ లేవు సార్, మార్కులెట్లా వేస్తాం?" తండ్రి కొడుకు వైపు తిరుగుతాడు. "ఏం రా, ఇంటివా సారు చెప్పేది?" తల్లి మెల్లగా అంటుంది: "ఇంట్లో అడిగితే అన్నీ చెప్తాడు సార్. రాయమంటేనే..."

రాయమంటేనే! ఆ బిడ్డ సమస్య ఏమిటో ఆ గదిలో కనిపెట్టినావిడ ఆమె ఒక్కతే. బీఈడీ లేదు, సైకాలజీ లేదు. పట్టుపురుగులకు ఆకు వేసి, చేతులు కడుక్కుని, బస్సెక్కి వచ్చింది. ఆమె మాటను ఎవరూ పట్టించుకోరు. "అదేనమ్మా, ప్రాక్టీస్ చేయించండి. రోజుకు రెండు పేజీలు కాపీరైటింగు" అని మందు రాసిచ్చేస్తారు. చెయ్యి కదలనివాడికి చేతిపనే వైద్యం. ఈ లెక్కన కాలు విరిగినవాడికి రోజూ తిరుమల మెట్లు ఎక్కే కోర్సు పెట్టొచ్చు.

ఇదే బడి ఏప్రిల్‌లో ఏం చెప్పిందో గుర్తుందా? మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా కుప్పం దాకా ఒకటే రోడ్డు. ఎండాకాలంలో ఆ రోడ్డు మీద పోతే రెండు పక్కలా మేధావులే. కరెంటు స్తంభానికొక మేధావి. ఈ-టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్, ఐఐటీ ఫౌండేషన్, అబాకస్, రోబోటిక్స్. ఇంకా పాలపళ్లు ఊడని బిడ్డ కూడా నల్ల గౌను, నల్ల టోపీ పెట్టుకుని పట్టా పట్టుకుని నిలబడి ఉంటాడు. "ప్రతి బిడ్డా మేధావే, మీ బిడ్డ మా బాధ్యత." సైకాలజీ వాళ్ల లెక్క ప్రకారం ఐక్యూ 130 దాటేవాళ్లు వందలో ఇద్దరో ముగ్గురో. మన రోడ్డు మీద మాత్రం వందకు వంద. జూన్‌లో అడ్మిషన్ అయిందా, దసరాకల్లా అదే వందమందిలో ఎనభై మంది కేర్‌లెస్ అయిపోతారు. నాలుగు నెలల్లో ఇంతమంది మేధావులను మామూలు పిల్లలుగా మార్చడం తేలిక పని కాదు. దానికి వీకెండ్ టెస్టులు, ర్యాంకు ప్రకారం కూర్చోబెట్టడం, భిన్నాలు ఇంకా రాని ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫిజిక్సు చెప్పడం, ఇలా చాలా ఏర్పాట్లు కావాలి.

ఈ మేధావులను ముందే గుర్తించే శాస్త్రం కూడా మనకు వచ్చేసింది. వేలిముద్రల శాస్త్రం. డీఎంఐటీ అంటారు. కల్యాణ మండపంలో క్యాంపు పెడతారు, టై కట్టుకున్న కుర్రవాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు, బిడ్డ పది వేళ్లూ ఒక్కొక్కటిగా గాజు పలక మీద పెట్టిస్తాడు. తరవాత రంగురంగుల రిపోర్టు, స్పైరల్ బైండింగుతో వస్తుంది. ఎడమ మెదడు ఇంత శాతం, కుడి మెదడు ఇంత శాతం, సంగీతం ఇంత, లెక్కలు ఇంత, పెద్దయ్యాక డాక్టరో ఐఏఎస్సో, రెండూ కుదరకపోతే ఆంత్రప్రెన్యూరో. "లీడర్‌షిప్ క్వాలిటీస్ ఉన్నాయి" అని ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది. కుప్పం నియోజకవర్గంలో ఆ మాట చదివిన ఏ తండ్రి డబ్బులు వెనక్కి అడుగుతాడు?

దీనికి ఆధారం హార్వర్డ్ ప్రొఫెసర్ హోవర్డ్ గార్డ్‌నర్ అని చెబుతారు. తెలివి ఒకే రకం కాదు, అనేక రకాలు అని 1983లో "ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్" పుస్తకం రాసిన మాట నిజమే. ఆ రకాలు వేలి కొసన రాసి ఉంటాయని మాత్రం ఆయన అనలేదు. వేలి మీది గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి, చచ్చేదాకా మారవు. తెలివి కూడా అంతే అయితే ఇక బడి ఎందుకు, ఫీజు ఎందుకు అని అడగాలి కదా. అడగరు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పినా క్యాంపులు ఆగలేదు. నాకు నవ్వొచ్చేది ఇంకోచోట. రేషన్ షాపు మిషన్ మీద అవ్వ వేలు పెడితే, నలభై ఏళ్లు కలుపు తీసిన ఆ వేలు అవ్వదేనని మిషన్‌కు తెలియదు. మూడుసార్లు తుడిచి పెట్టినా ఎర్ర లైటే. అదే ఊళ్లో, అదే అవ్వ మనవడి వేలు పెడితే వాడు ఐఏఎస్ అని ఇంకో మిషన్‌కు తెలిసిపోతుంది.

వేలిముద్రలు పాతబడ్డాయనుకున్నవాళ్లకు మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ ఉంది. రెండు రోజుల శిబిరం, వేలల్లో ఫీజు. శిబిరం అయ్యాక బిడ్డ కళ్లకు గంతలు కట్టుకుని పేపరు చదువుతాడు, రంగులు చెబుతాడు, సైకిలు కూడా తొక్కుతాడు. మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు కాండంలో ఒక భాగం. కంటి కదలికలకూ వినికిడికీ మెలకువకూ పనికొస్తుంది. అది పనిచేయకపోతే మనిషి శిబిరంలో కాదు, ఐసీయూలో ఉంటాడు. అంటే ఫీజు కట్టి నడిచి వచ్చిన ప్రతి బిడ్డకూ అది ముందే యాక్టివేట్ అయి ఉంది. ఇక గంతల మహిమ ముక్కు పక్కన ఉంటుంది. అక్కడ మిగిలే సందులోంచి కిందికి చూస్తే చదవొచ్చు. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ ఊరూరా తిరిగి ఈ గుట్టు విప్పారు. కాగితాన్ని ఆ సందుకు అందని చోట పెడితే చాలు, యాక్టివేషన్ ఆగిపోతుంది. పిల్లలకు ఇది మొదటి రోజే తెలుస్తుంది. అమ్మానాన్నలు చప్పట్లు కొడుతున్నారు కాబట్టి చెప్పరు. అబద్ధం ఆడటానికి ట్రైనింగు ఇచ్చి, దానికి సర్టిఫికెట్ ఇచ్చి, దాన్ని హాల్లో ఫ్రేము కట్టించుకున్న తరం మనది. ఎదురుగా పెట్టిన పేపరును కళ్లు తెరిచి చదవలేక అల్లాడుతున్న పిల్లవాడు మాత్రం పక్కింట్లోనే కేర్‌లెస్‌గా ఉంటాడు.

ఇలా పైనుంచి చూసి మేధావిని పట్టుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదులెండి. మదనపల్లెలో 1895లో పుట్టిన ఒక పిల్లవాడి సంగతి చూడండి. రెవెన్యూ ఉద్యోగి కొడుకు, ఎనిమిదో సంతానం. చిన్నప్పుడే మలేరియా, బడికి సగం రోజులు ఎగనామం. వెళ్లిన రోజున పరధ్యానం. మందబుద్ధి అని అయ్యవార్లు తేల్చేశారు. మద్రాసు బడిలో పాఠం రాలేదని బెత్తంతో కొట్టేవారు, వరండాలో నిలబెట్టి మరచిపోయేవారు. తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవాల్సి వచ్చేది. తమ్ముడు చురుకు, అన్న మొద్దు. ఇంట్లో తీర్పు కూడా అదే. ఇంకో ముచ్చట ఆయన జీవితకథ రాసిన మేరీ లుట్యెన్స్ చెబుతారు. ఆ మొద్దు పిల్లవాడు ఒకసారి గడియారం విప్పదీసి కూర్చున్నాడు. మళ్లీ బిగించేదాకా బడికి పోనన్నాడు, అన్నమూ తిననన్నాడు. బిగించాడు. గడియారం బిగించినందుకు ప్రోగ్రెస్ కార్డులో గడి లేదు కాబట్టి ఆ మార్కులు ఎవరూ వేయలేదు.

1909లో అడయారు ఒడ్డున థియోసాఫికల్ సొసైటీకి చెందిన లెడ్‌బీటర్ ఈ పిల్లవాణ్ణి చూసి, చుట్టూ అద్భుతమైన కాంతి వలయం కనబడుతోందన్నాడు. స్వార్థం అణువంతైనా లేని కాంతి అట. ఆ అన్నదమ్ములకు హోంవర్కులో సాయం చేస్తుండిన ఎర్నెస్ట్ వుడ్ అనే ఆయన నోరు తెరిచాడు. వీడా, ఈ మొద్దా? తెలుగు బిడ్డ మీద నమోదైన మొదటి మిడ్‌బ్రెయిన్ స్కానింగ్ ఇదేనని నా అనుమానం. ఫీజు మాత్రం లేదు. తరవాత ఆ పిల్లవాణ్ణి జగద్గురువు చేయడానికి 1911లో సంఘం పెట్టారు, ఇంగ్లండు పంపారు, ట్యూటర్లను పెట్టారు. జగద్గురువు లండన్ మెట్రిక్యులేషన్ పదేపదే తప్పాడు. చివరికి 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో తనకోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేసి, మీ సింహాసనం మీరే ఉంచుకోండని దిగిపోయాడు. జిడ్డు కృష్ణమూర్తి. మన రోడ్డు మీద ఫ్లెక్సీల్లో ఆయన బొమ్మ ఎక్కడా ఉండదు, ఎందుకంటే ర్యాంకు లేదు.

ఆయనకు డిస్‌లెక్సియా అనో, ఇంకేదో అనో ఇప్పుడు సర్టిఫికెట్ ఇచ్చే పని నేను పెట్టుకోను. పోయినవాళ్లకు జబ్బులు అంటగట్టే పరిశ్రమ వాట్సాప్‌లో ఎలాగూ నడుస్తోంది. ఐన్‌స్టీన్ తప్పాడు, ఎడిసన్ తప్పాడు, కాబట్టి మీవాడు తప్పితే సంతోషించండి అని పొద్దున్నే గులాబీ పువ్వుతో సహా వస్తుంది. కృష్ణమూర్తి పుట్టిన 1895లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా రెండుసార్లు మెట్రిక్ తప్పి మూడోసారి గట్టెక్కాడు. తరవాత అమెరికాలో క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ దాకా పోయాడు. నిజమే. ఆయనతో పాటు మెట్రిక్ తప్పిన మిగతావాళ్లందరూ ఏమయ్యారో ఎవరికైనా తెలుసా? తప్పడం తెలివికి గుర్తు కాదు. తప్పకపోవడమూ కాదు. ఈ రెండో ముక్క ఫ్లెక్సీవాళ్లకు చెప్పాలి, మొదటిది వాట్సాప్‌వాళ్లకు.

సంగతి అసలేమిటంటే, కొందరు పిల్లల్లో రెండూ ఒకేసారి ఉంటాయి. ఒకవైపు ఈడుకు మించిన తెలివి, ఇంకోవైపు చదవడంలోనో రాయడంలోనో కుదురుగా కూర్చోవడంలోనో ఈడుకు తగని ఇబ్బంది. ట్వైస్ ఎక్సెప్షనల్ అంటున్నారు వీళ్లను. ఇందులో మెలిక ఉంది. తెలివితో ఇబ్బందిని దాచుకుంటారు. పక్కవాడు చదువుతుంటే విని గుర్తుపెట్టుకుని, పుస్తకం చూస్తూ చదివినట్టు అప్పజెబుతారు. ఇబ్బంది తిరిగి తెలివిని దాచేస్తుంది, తెలిసింది రాయలేరు కనుక. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మిగిలేది నలభై ఐదు మార్కులు. నలభై ఐదంటే యావరేజ్. తప్పితే ఎవరైనా తిరిగి చూస్తారు, తొంభై వస్తే ఎత్తుకుంటారు. నలభై ఐదు మార్కులవాణ్ణి చూసే తీరిక ఏ బడికీ లేదు. వాడి లోపల తొంభై ఉంది, పక్కనే సున్నా ఉంది, బడి దగ్గర ఉన్నది సగటు వేసే విద్య ఒక్కటే.

మీ ఊళ్లోనూ ఇట్లాంటివాడు ఉంటాడు, చూడండి. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం. ముగ్గురితో మూడు భాషల్లో బేరమాడి, మూడింట్లోనూ తిట్టగలడు. బడిలో నాలుగో భాష ఇంగ్లీషు, దాంట్లో స్పెల్లింగ్ తప్పు, కాబట్టి వీడికి భాష రాదు. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి పొర విడిచిన పట్టుపురుగు ఎప్పుడు గూడు కట్టేందుకు సిద్ధమవుతుందో రంగు చూసి చెబుతాడు, గూళ్లు కట్టే చంద్రికలు ఎన్ని కావాలో నోటితో లెక్క వేస్తాడు, రామనగర మార్కెట్టులో ఈ రేటు వస్తే అప్పు తీరి ఎంత మిగులుతుందో నాన్నకంటే ముందే చెబుతాడు. బోరు మోటరు స్టార్టరు డబ్బా కాలిపోతే మెకానిక్కు కోసం చూడడు. అదే లెక్కను "ఒక రైతు వద్ద..." అని పుస్తకంలో నాలుగు లైన్లుగా అచ్చు వేసి ఇస్తే, నాలుగో లైనుకు వచ్చేసరికి మొదటి లైను జారిపోతుంది. వాడికి రానిది లెక్క కాదు, ఆ నాలుగు లైన్లు. బడి వేసేది లెక్కకు సున్నా.

పుంగనూరు ఆవు కొలతల్లో నిలబడితే మూడడుగులకు అటూ ఇటూ. సంతలో ఎత్తు చూసి కొనేవాళ్లు దాన్ని ఎగతాళి చేసినవాళ్లే. ఎత్తు కాదు, వెన్న శాతం చూసేవాళ్లకు దాని విలువ తెలుసు, ఇప్పుడు లక్షలు పోసి ఇంటి ముందు కట్టేసుకుంటున్నారు. ఆవు మారలేదు, అప్పుడూ అంతే పాలు, అంతే వెన్న. మన వైపు పశువులకు దొరికిన ఈ అదృష్టం పిల్లలకు ఎప్పుడు దొరుకుతుందో.

చేతకాక చేయలేదంటే ఒప్పుకోవచ్చు. చేతనైనవాళ్లు మన రోడ్డు మీదే ఉన్నారు, చిక్కంతా అక్కడే. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ ఉంది. ఆ మొద్దు పిల్లవాడి పేరు మీద నడుస్తున్నదే. అక్కడ రివర్ అనే సంస్థ చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం ఒక పద్ధతి తయారు చేసింది. క్లాసు మొత్తానికి ఒకే పాఠం, ఒకే రోజు, ఒకే వేగం అనేది లేదు. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులు, గోడ మీద నిచ్చెన బొమ్మ, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. లెక్కల్లో ఐదో మెట్టు మీద ఉండి చదవడంలో రెండో మెట్టు మీద ఉండొచ్చు, ఎవరూ కేర్‌లెస్ అనరు. రెండు రకాలుగా ప్రత్యేకమైన పిల్లవాడికి ఇంతకంటే సరిపోయే ఏర్పాటు లక్షలు పెట్టినా దొరకదు. ఇది పల్లె బడుల కోసం, ఒకే గదిలో ఐదు తరగతులు నడిపే టీచరు కోసం పుట్టింది.

ఈ పద్ధతి తరవాత ఎటు పోయిందో చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటె టీచర్లు రిషీవ్యాలీ వచ్చి చూసి, వెళ్లి "నలి కలి" మొదలుపెట్టారు. అది కర్ణాటక అంతటా ప్రభుత్వ ప్రాథమిక బడులకు పాకింది. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, ఆనక తమిళనాడు అంతా. శాంతిపురం నుంచి పడమరకు పోతే కర్ణాటక, దక్షిణానికి పోతే తమిళనాడు. మన మదనపల్లె సరుకు రెండు రాష్ట్రాలకూ ఎగుమతి అయింది. టమోటా కూడా అంతేననుకోండి. మనకు ఏం మిగిలిందంటే మధ్యలో ఐఐటీ ఫౌండేషన్.

రోడ్డుకు ఈ కుప్పం కొసన, గుడుపల్లె మండలంలో అగస్త్య ఫౌండేషన్ ఉంది. 1999లో మొదలైంది. 172 ఎకరాల బీడు గుట్టను పచ్చగా చేసి, ప్రభుత్వ బడుల పిల్లలకు సైన్సును చేతికిచ్చే క్యాంపస్ కట్టారు. వ్యాన్లలో ప్రయోగశాలలు ఊళ్లకు పోతాయి. 2017లో అక్కడే రామానుజన్ పేరుతో లెక్కల పార్కు తెరిచారు, లెక్కను కాళ్లతో తొక్కి, చేతులతో తిప్పి చూడొచ్చు. స్టార్టరు డబ్బా విప్పే మనవాడికి అది స్వర్గం. వాడి బడి ఏమంటుందంటే: "సిలబస్ కంప్లీట్ కావాల సార్, ఇప్పుడు టూర్లంటే ఎట్లా?" గ్రావిటీ మీద ముప్పై ఆబ్జెక్టివ్ ప్రశ్నలు చేయించాలి, గ్రావిటీ చూసేందుకు తీరికెక్కడ?

మదనపల్లె దగ్గర వలసపల్లెలో నవోదయ ఉంది. పల్లెటూరి తెలివైన పిల్లలను కోచింగు అందకముందే పట్టుకోవాలని 1986లో ఈ బడులు పెట్టారు. దానికి ముందే 1971లో పి.వి. నరసింహారావు అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో గురుకులం పెట్టి ఈ పని చేసి చూపించారు. ఇప్పుడు నవోదయ ప్రవేశ పరీక్షకు కోచింగ్ సెంటర్లున్నాయి. కోచింగు లేని పిల్లవాణ్ణి వెతకడానికి పెట్టిన పరీక్షకు కోచింగు! సెంటరు బోర్డు మీద ఫోటోలు కూడా ఉంటాయి. 1963 నుంచి ప్రతిభ వెతుకుతున్న నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్షను 2021 తరవాత పక్కన పెట్టేశారు. అంతకు ముందు ఏడాదే వచ్చిన జాతీయ విద్యా విధానంలో ప్రతిభావంతులైన పిల్లల కోసం ప్రత్యేకంగా పేరాలు రాశారు. పేరాలు వచ్చాయి కనుక పరీక్ష అక్కర్లేదనుకున్నారేమో.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క రకాలు చేర్చారు, అందులో చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేక ఇబ్బంది కూడా ఒకటి. పరీక్షలో గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు టైము ఇవ్వాలని, చెబితే రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలున్నాయి. కావాల్సిందల్లా ఒక సర్టిఫికెట్. ఎనిమిదేళ్లకు ఒకసారి, పద్నాలుగేళ్లకు ఇంకోసారి, పద్దెనిమిదేళ్లకు మరోసారి పరీక్షించాలని రూలు. సచివాలయంలో ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు అడగాలి, జిల్లా ఆసుపత్రికి పోవాలి, చూసేందుకు అక్కడ సైకాలజిస్టు ఉండాలి, ఆ రోజు వచ్చి ఉండాలి. వాళ్లు పరీక్ష పెట్టే భాషలో మనవాడికి నోరు తిరగాలి. కొడుక్కు కాళ్లూ చేతులూ బాగున్నాయి కదా, ఈ క్యూలో ఎందుకు నిలబడినావని పక్కన ఉన్నవాళ్లు అడుగుతారు. తండ్రికి ఏం చెప్పాలో తెలియదు. "అబ్బోడు తెలివైనోడేనన్నా. రాయనీకి రాదంతే." తెలివైనోడైతే సర్టిఫికెట్ ఎందుకు? రాయనీకి రాకపోతే తెలివైనోడెట్లా? ఈ రెండు ప్రశ్నలకు మధ్య ఆ తండ్రి చెప్పులు అరిగిపోతాయి. బడి సంగతి సరేసరి. సర్టిఫికెట్ తెస్తున్నామని తెలిస్తే "మా రిజల్టు దెబ్బతింటుంది, పక్క బడిలో చూసుకోండి" అని టీసీ చేతిలో పెట్టేవాళ్లకు కొదవలేదు. ఆరు వందలకు ఐదు వందల తొంభై వచ్చిన ఫోటో పక్కన, స్క్రైబ్‌తో రాసి నాలుగు వందలు తెచ్చుకున్నవాడి ఫోటో వేసిన ఫ్లెక్సీ నేనింతవరకూ చూడలేదు.

అదే ఆడపిల్ల అయితే ఈ రగడ కూడా ఉండదు. గలాటా చేయదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది, పక్కపిల్ల నోట్సు అచ్చుగుద్దినట్టు దించుకుంటుంది. ఆమెను బ్రిలియంట్ అనరు, కేర్‌లెస్ అనీ అనరు. "బుద్ధిమంతురాలు" అంటారు. తొమ్మిదిలో మార్కులు జారితే సంబంధాలు చూస్తారు.

డబ్బు లేక ఇదంతా అంటారా? రాయలేనివాణ్ణి నిలబెట్టి నోటితో అడగడానికి ఎంతవుతుంది? లెక్కకు ఆన్సరు ఒక్కటే రాసినవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి "ఎట్లా వచ్చింది రా?" అని అడగడానికి ఏ బడ్జెట్ కావాలి? "రాయమంటేనే..." అని ఆ తల్లి అన్నప్పుడు, పెన్ను కింద పెట్టి "రాయమంటే ఏమవుతుందమ్మా?" అని టీచరు అడిగితే చాలు, సగం పరీక్ష అక్కడే అయిపోతుంది. సర్కారు బడిలో కొందరు టీచర్లు, ప్రైవేటులో కొందరు కూడా, ఎవరికీ చెప్పకుండా ఈ పని చేస్తూనే ఉన్నారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు వీళ్ల క్లాసులో గోల ఎక్కువగా ఉందని రాసిపోతారు. దీనికి టై అక్కర్లేదు, ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఫీజు పెట్టే వీలు లేదు. అందుకే దీనికి కల్యాణ మండపంలో క్యాంపు పెట్టేవాళ్లు దొరకరు.

మన స్టార్టరు డబ్బా మొనగాడు పది తప్పుతాడు, లేదా నలభై ఐదుతో గట్టెక్కుతాడు. రెండింటికీ దారి ఒకటే, కుప్పం స్టేషన్‌లో పొద్దున బెంగళూరు బండి. వైట్‌ఫీల్డులో లిఫ్టు కంపెనీకి హెల్పరుగా చేరతాడు. ఆర్నెల్లలో సర్క్యూట్ బొమ్మ చూడకుండా బోర్డు బాగుచేస్తాడు. రిపోర్టు రాయాల్సి వస్తే మాత్రం పక్కవాడి చేత రాయిస్తాడు, వాడికో టీ తాగిస్తాడు. పని మీద వెళ్లిన అపార్టుమెంటులో క్లబ్ హౌసు అద్దాల తలుపుకు కొత్త పోస్టరు అంటించి ఉంటుంది. గిఫ్టెడ్ పిల్లలకు ప్రత్యేక శిబిరం, సీట్లు పరిమితం, వేలిముద్రల విశ్లేషణ ఉచితం. లోపల పదేళ్ల పిల్లవాడు పది వేళ్లూ గాజు పలక మీద పెట్టి కూర్చుని ఉంటాడు. పైన ఆరో అంతస్తులో లిఫ్టు ఇరుక్కుంది, అందులో వాడి అమ్మ ఉంది. సెక్యూరిటీ గార్డు ఫోన్ చేసేది మనవాడికే.